గ్రూపులో నవ్విన వాళ్లంతా సాక్షులే

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. యూనివర్సిటీలో చదివే పిల్లలు ఫోన్లలో తోటి పిల్లల్ని ఏడిపించడం, అది ఒక్కోసారి క్లాసు మానేసే దాకా, అన్నం మానేసే దాకా వెళ్లడం. అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి వాయిదా వేసి ఈ పేజీలన్నీ దీనికే ఇస్తున్నాం. పేర్లు, కాలేజీల పేర్లు వేయడం లేదు. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. అన్నిటికన్నా తొందరగా జవాబు చెప్పాల్సిన ఉత్తరంతో మొదలుపెడుతున్నాను.

మా రూమ్మేట్ గురించి క్యాంపస్ పేజీలో ఎవరో చెత్తగా రాశారు. అప్పట్నుంచి మెస్‌కి రావడం లేదు, ఫోన్ పక్కన పెట్టడం లేదు. రాత్రి లైటు ఆపాక "నేను లేకపోతే అందరికీ బాగుంటుంది కదే" అంటోంది. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నేనేం చెయ్యాలి?
*డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం*

ఒట్టు తీసి గట్టు మీద పెట్టు తల్లీ. ఇవాళే, ఇది చదివిన వెంటనే వార్డెన్‌కి చెప్పు, ఆ అమ్మాయి ఇంట్లో ఆమె ఎవరి మాట వింటుందో వాళ్లకి ఫోన్ చెయ్యి, అమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, అన్నయ్య కావచ్చు. రాత్రి ఆమెని ఒంటరిగా వదలకు, నువ్వు బయటికి వెళ్లాల్సి వస్తే ఇంకో స్నేహితురాల్ని కూర్చోబెట్టి వెళ్లు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అది నిజం కాదు, అడిగినందుకే మనసులోది బయటపెట్టి ఏడ్చి తేలికపడేవాళ్లు ఎందరో ఉన్నారు. 14416కి ఇద్దరూ కలిసి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో మాట్లాడి సాయం చేసే లైను, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఆలోచించకుండా 112కో 108కో ఫోన్ చెయ్యి.

ఇంకొక్క మాట. "లైట్ తీసుకో", "ఫోన్ చూడ్డం మానెయ్" అనకు. ఆమె చూడటం మానేసినా మిగతా వాళ్లు చూస్తున్నారని ఆమెకి తెలుసు, నొప్పి అక్కడే ఉంది. "నీ బదులు నేను చూస్తాను, అవసరమైనవి దాస్తాను, నువ్వు చూడక్కర్లేదు" అని చెప్పి ఆ పని నువ్వు తీసుకో. ఒట్టు తప్పావని ఓ వారం నీతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోనీ.

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. విజయనగరంలో బీటెక్ రెండో సంవత్సరం. సెమినార్‌లో నేను మాట్లాడినప్పుడు ఎవరో వీడియో తీశారు. నేను "ఏటంటే", "ఎలగంటే" అన్న ముక్కలన్నీ కత్తిరించి, మ్యూజిక్ కలిపి, నా మొహంతో స్టిక్కర్లు చేశారు. క్లాసు గ్రూపులో ఎవరు ఏం అడిగినా జవాబుగా నా స్టిక్కరే. ఇప్పుడు ఇన్‌స్టాలో మీమ్స్ పేజీలో కూడా పెట్టారు. సీనియర్లు కారిడార్‌లో "ఏటమ్మా" అని పిలుస్తున్నారు. వైవాలో కూడా నోరు పెగలడం లేదు. కంప్లయింట్ ఇస్తే "జోక్ కూడా తట్టుకోలేదు" అంటారు, ఇంకా ఎక్కువ చేస్తారు. నేను భాష మార్చుకుంటే సరిపోతుందా?
*ఒక విద్యార్థిని, విజయనగరం*

మార్చుకోవద్దు. ముందు ఆ ఆలోచన తీసెయ్ అమ్మా. నువ్వు మాట్లాడింది తప్పుడు తెలుగు కాదు, మీ అమ్మ, మీ అమ్మమ్మ మాట్లాడిన తెలుగు. వాడుక భాషకి పుస్తకాల్లో, బడుల్లో చోటు కావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం అని మీ కాలేజీలోనూ దండలు వేసి ఉంటారు. ఏళ్ల తరబడి సినిమాల్లో సిక్కోలు యాసని పనివాడికీ, అమాయకుడికీ, నవ్వించే పాత్రకీ మాత్రమే ఇచ్చారు, దాంతో ఆ యాస చెవిన పడగానే నవ్వాలి అనే అలవాటు ఈ పిల్లలకి వచ్చేసింది, వాళ్లలో సగం మంది ఇళ్లల్లో అదే మాట్లాడతారని తెలిసినా సరే. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఊరి నుంచి మొదటిసారి ఇంజనీరింగ్‌కి వచ్చిన పిల్ల స్టేజీ ఎక్కి ధైర్యంగా మాట్లాడితే చప్పట్లు కొట్టాల్సిన క్లాసు ఆ గొంతుని స్టిక్కర్ చేసింది.

ఇప్పుడు పనిలోకి వద్దాం. "ఇది ర్యాగింగ్ కాదు కదా, నేను ఫస్టియర్ కాదు కదా" అని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. ర్యాగింగ్ మీద యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2009లో తెచ్చిన నిబంధనల్ని 2016లో సవరించింది. కొత్తగా చేరినవాళ్లయినా కాకపోయినా సరే, ఒక విద్యార్థిని ప్రాంతం, భాష, కులం, మతం, రంగు, రూపం, ఆర్థిక స్థితి లాంటి కారణంతో మానసికంగా హింసించినా, వెలివేసినా అదీ ర్యాగింగే అని అందులో స్పష్టంగా ఉంది. నీ సంగతి దానికి అక్షరాలా సరిపోతుంది. వాట్సాప్ గ్రూపులు పెట్టి సీనియర్లు జూనియర్లని వేధించడాన్ని కూడా ర్యాగింగ్ కిందే చూడాలని 2025లో యూజీసీ యూనివర్సిటీలకి చెప్పింది. శిక్షలు కూడా చిన్నవి కావు, సస్పెన్షన్, పరీక్షలు రాయనివ్వకపోవడం, ఫలితాలు ఆపడం, హాస్టల్ నుంచి పంపేయడం, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల దాకా కాలేజీ నుంచి బహిష్కరణ (రస్టికేషన్), ఏకంగా సీటు పోవడం. ప్రతి ఏడాదీ చేరేటప్పుడు ర్యాగింగ్ చెయ్యం అని పిల్లలూ తల్లిదండ్రులూ ఇచ్చే హామీ పత్రం ఉంటుంది చూడు, ఆ సీనియర్లు కూడా అది రాసిచ్చాకే కాలేజీలో చేరారు.

కంప్లయింట్ ఇచ్చే ముందు ఒక గంట కూర్చుని సాక్ష్యం పోగు చెయ్యి. కోపంలో గ్రూపులోంచి బయటికి వచ్చేయకు, బయటికొస్తే ఆ తర్వాత పెట్టేవి నీకు కనిపించవు. ముందు చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి నీ మెయిల్‌కి పంపుకో. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పేరు ఒక్కటే పడితే చాలదు, ఆ పేరు నీ ఫోన్‌లో నువ్వు సేవ్ చేసుకున్నది కాబట్టి, దాని మీద నొక్కి ఫోన్ నంబర్ కనిపించేలా ఇంకోటి తియ్యి, తేదీ, టైము పడాలి. గ్రూపు పేరు, అడ్మిన్లు ఎవరో కనిపించే పేజీ కూడా తియ్యి. ఇన్‌స్టాలో అయితే పోస్టు లింకు, ఆ పేజీ యూజర్‌నేమ్ కాగితం మీద రాసుకో, పేజీ పేరు రేపు మార్చేస్తారు. పంపినవాడికి రెండు రోజులకి పైగా టైముంటుంది, ఆలోపు ఎప్పుడైనా "అందరికీ డిలీట్" చెయ్యగలడు, అడ్మిన్ కూడా తీసేయగలడు, కాబట్టి రేపు చూద్దాం అనుకోకు. ఇదంతా అయ్యాకే రిపోర్ట్ కొట్టు. వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే ఆఖరి కొన్ని మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి, ఎవరు రిపోర్ట్ చేశారో అవతలివాళ్లకి తెలియదు.

ఆ తర్వాత రాతపూర్వకంగా యాంటీ ర్యాగింగ్ కమిటీకి, కాపీ ప్రిన్సిపాల్‌కి. నోటితో చెప్పి వచ్చేయొద్దు, ఇచ్చినట్టు సంతకం చేయించుకో, లేదా మెయిల్ పంపు. కాలేజీ కదలకపోతే యూజీసీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, టోల్‌ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ. అక్కడ చెప్పిన ఫిర్యాదు మళ్లీ కాలేజీకే వెళ్తుంది కానీ ఈసారి పైనుంచి వెళ్తుంది, ఏం చేశారో వాళ్లు జవాబు చెప్పాల్సి వస్తుంది. కంప్లయింట్ ఇస్తే ఇంకా ఎక్కువ చేస్తారేమో అన్న నీ భయం అబద్ధం కాదు, కొన్నాళ్లు గుసగుసలు ఉంటాయి. కానీ ఇలాంటివి ఊరికే కూర్చుంటే ఆగవు, స్టిక్కర్ నుంచి మీమ్స్ పేజీకి ఎలా పాకిందో నువ్వే రాశావు. వీలైతే ఒంటరిగా సంతకం పెట్టకు, క్లాసులో నవ్వనివాళ్లు కొందరైనా ఉంటారు, వాళ్లని వెతుక్కుని వాళ్ల సంతకాలు కూడా తీసుకో.

వైవా సంగతి మీ ల్యాబ్ మేడమ్‌కి విడిగా చెప్పు. అక్కడ నీ మాటలోనే జవాబు చెప్పు అమ్మా.

మా అమ్మాయి శ్రీకాకుళంలో పీజీ చదువుతోంది. ఎవడో దాని ఫొటో తీసుకుని ఏదో యాప్‌లో బట్టల్లేనట్టు తయారుచేసి, ఫేక్ ఇన్‌స్టా ఐడీ నుంచి దాని ఫ్రెండ్స్‌కి పంపుతున్నాడంట. డబ్బులు పంపకపోతే ఊళ్లో వాళ్లకీ పంపుతానంటున్నాడు. పాప తప్పు లేదని నాకు తెలుసు, అయినా ఫోన్ లాక్కున్నాను. మా బావమరిది ఆ ఫోన్ పగలగొట్టేయమంటున్నాడు, మా అమ్మ చదువు మాన్పించి సంబంధం చూడమంటోంది. స్టేషన్‌కి వెళ్తే పరువు పోతుందేమోనని ఆగాను. జీడి ఫ్యాక్టరీలో పని చేస్తాను, లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు. ఏం చెయ్యమంటారు?
*ఒక తండ్రి, పలాస*

అన్నయ్యా, "పాప తప్పు లేదని నాకు తెలుసు" అని మీరు రాసిన మాట ముందు మీ అమ్మాయి దగ్గర కూర్చుని పైకి చెప్పండి. మనసులో ఉంది కదా అని ఊరుకోకండి. మీరు ఫోన్ లాక్కున్న క్షణం నుంచి ఆ పిల్ల "నాన్న నన్నే తప్పు పడుతున్నాడు" అనుకుంటూ ఉంటుంది, అలాంటి పిల్లలు అవతలివాడు ఇంకోసారి బెదిరిస్తే ఇంట్లో చెప్పకుండా వాడు చెప్పింది చేసేస్తారు. బెదిరించేవాడి బలం అంతా ఈ అమ్మాయి ఇంట్లో చెప్పుకోలేదు అన్న నమ్మకం మీదే ఉంటుంది. ఆ అమ్మాయి మీకు చెప్పింది, అంటే వాడి బలం సగం అక్కడే పోయింది.

ఫోన్ పగలగొట్టొద్దు, ఫార్మాట్ చెయ్యొద్దు, ఆ అకౌంట్ డిలీట్ చెయ్యొద్దు. కేసు నిలబడాలంటే ఆ ఫోనే మీ ఆస్తి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో డిజిటల్ సాక్ష్యానికి ఒక సర్టిఫికెట్ జత చెయ్యాలి, మెసేజ్ వచ్చిన ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక. వాడు పంపినవి, ఐడీ పేరు, లింకు, డబ్బు అడిగిన మెసేజ్, ఏ యూపీఐ నంబర్‌కి పంపమన్నాడో అన్నీ స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ బొమ్మ వచ్చిన ఫ్రెండ్స్ కూడా తమకి ఏ ఐడీ నుంచి ఎప్పుడు వచ్చిందో తెలిసేలా స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంచుకోవాలి, కానీ బొమ్మని ఎవరికీ, ఆఖరికి "చూడండి ఎంత దారుణమో" అనడానికి కూడా, ఫార్వర్డ్ చెయ్యకూడదు. డబ్బు పంపొద్దు. ఒకసారి పంపితే వాడు ఆగడు, పంపే మనుషులు అని తెలిసి మళ్లీ అడుగుతాడు. ఇప్పటికే పంపేసి ఉంటే ఈ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, డబ్బు వేరే ఖాతాల్లోకి వెళ్లిపోకముందే ఆపే అవకాశం ఉంటుంది, గంటలు గడిచే కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

బొమ్మ ఇంకా వ్యాపించకుండా ఆపడం రెండో పని, ఇది పోలీసుల కోసం ఆగకుండా ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఇన్‌స్టాలో ఆ ఐడీని, ఆ పోస్టుని "నగ్నత్వం", "వేరొకరిలా నటించడం" అనే కారణాల కింద రిపోర్ట్ చేయండి, మీ అమ్మాయి స్వయంగా చేస్తే దానికి బరువు ఎక్కువ. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల్లో ఇలాంటి బొమ్మల మీద, మార్ఫింగ్ చేసినవాటితో సహా, బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని గడువు పెట్టారు, 2026లో ఆ గడువుని 2 గంటలకి తగ్గించారు. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది, కాబట్టి తీయించేస్తే సాక్ష్యం పోతుందేమో అని భయపడక్కర్లేదు, అలాగని 180 రోజులు ఉన్నాయి కదా అని కంప్లయింట్ ఆలస్యం చేయకూడదు. ఇంకొకటి, "స్టాప్ ఎన్‌సీఐఐ" అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది, 18 ఏళ్లు నిండినవాళ్ల కోసం. అందులో బొమ్మని అప్‌లోడ్ చెయ్యరు. మీ ఫోన్‌లోనే ఆ బొమ్మకి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ కోడ్‌తో సరిపోయే బొమ్మని తమ దగ్గర ఎవరైనా పెట్టబోతే పట్టుకుంటాయి. కృత్రిమంగా తయారుచేసిన బొమ్మలకీ ఇది పనిచేస్తుంది. కూతురు కూర్చుని తనే చేసుకోగలదు, మీరు ఆ బొమ్మ చూడక్కర్లేదు, చూడమని ఆమెని అడగనూ వద్దు.

ఇక స్టేషన్. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, అందులో ఆడవాళ్లకి, పిల్లలకి సంబంధించిన ఇలాంటి నేరాల్ని పేరు చెప్పకుండా కూడా నమోదు చేయొచ్చు. కానీ నన్ను అడిగితే, డబ్బు కోసం బెదిరింపులు మొదలయ్యాయి కాబట్టి పేరుతోనే ఇవ్వండి, పేరు లేకుండా ఇస్తే దర్యాప్తు ఏమైందో మీకు చెప్పేవాళ్లు ఉండరు. పలాసలో ఇవ్వాలా శ్రీకాకుళంలో ఇవ్వాలా అని తిరగొద్దు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఇప్పుడు అది చట్టంలోనే ఉంది. లైంగిక వేధింపు, వెంటపడటం, ఆడవాళ్ల గౌరవాన్ని కించపరచడం లాంటి సెక్షన్ల కింద అమ్మాయే ఫిర్యాదు చేస్తే ఆ మాటలు రాసుకోవాల్సింది మహిళా పోలీసు. ఐటీ చట్టం కింద కేసయితే దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి, అందుకే "సీఐ గారు రావాలి" అంటే అది తప్పించుకోవడం కాకపోవచ్చు, కానీ ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వడానికి మాత్రం ఆగాల్సిన పనిలేదు. తీసుకోకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీ గారికి పంపండి, చట్టం ఆ దారి ఇచ్చింది. సోమవారాల్లో ఎస్పీ ఆఫీసులో ప్రజల నుంచి అర్జీలు తీసుకుంటారు, అక్కడికి వెళ్లినా సరే.

ఏ సెక్షన్లు వర్తిస్తాయో మీరు చెప్పక్కర్లేదు, అయినా తెలిసి ఉంటే గొంతు వణకదు. అశ్లీల బొమ్మని పంపితే ఐటీ చట్టం సెక్షన్ 67, మొదటిసారికే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లైంగిక చర్య కనిపించేదైతే 67ఎ, 5 ఏళ్లు, 10 లక్షలు. ఆమె పేరు, ఫొటో వాడి ఫేక్ ఐడీ పెడితే 66సి, 66డి. బెదిరించి డబ్బు లాగడం భారతీయ న్యాయ సంహిత అనే కొత్త నేర చట్టంలో 308, బెదిరింపు 351, పేరు దాచి బెదిరిస్తే దానికి అదనపు శిక్ష. ఇన్ని ఉన్నాయని ముందే తెలిస్తే చాలామంది ఇలాంటి పని మొదలుపెట్టరు. ఇలా చేసేది చాలాసార్లు ఎక్కడివాడో కాదు, అమ్మాయి ఫొటోలు అందుబాటులో ఉన్న క్లాస్‌మేటో, ఒకప్పటి స్నేహితుడో అవుతాడు, కాబట్టి ఎవరి మీద అనుమానమో పోలీసులకి చెప్పండి, మీరు మాత్రం వాడి ఇంటికి వెళ్లి గొడవ పడకండి, వాడు ఫోన్ మార్చేస్తాడు.

లాయర్ ఖర్చు గురించి దిగులు వద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. శ్రీకాకుళం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, లేదా 15100కి ఫోన్ చేయండి.

చదువు మాన్పించడం గురించి నా మాట గట్టిగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీ అమ్మగారు మనవరాలి మీద ప్రేమతోనే అంటున్నారు, నాకు తెలుసు. కానీ తప్పు చేసినవాడు క్లాసులో కూర్చుని పరీక్షలు రాస్తూ, ఏ తప్పూ చెయ్యని పిల్ల ఇంట్లో కూర్చుంటే అది ఎవరికి వేసిన శిక్ష? జీడి పప్పు ఒలిచే ఇంటి నుంచి ఒక పిల్ల పీజీ దాకా వచ్చింది. దాన్ని ఒక ఫేక్ ఐడీ చేతిలో పెట్టొద్దు. సంబంధాల మాట ఆ అమ్మాయి చదువు అయ్యాక, ఆమెని అడిగి. ఫోన్ ఇవాళే తిరిగి ఇచ్చేయండి, ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చుకోమనండి, రెండంచెల భద్రత పెట్టుకోమనండి.

మా క్యాంపస్ కన్ఫెషన్స్ పేజీకి నేను అడ్మిన్. పేరు చెప్పకుండా ఎవరైనా ఫారమ్‌లో రాస్తే నేను పోస్ట్ చేస్తాను. ఒక అబ్బాయి కులం మీద, వాడికి స్కాలర్‌షిప్ రావడం మీద ఎవరో రాసింది కూడా పెట్టాను. బాగా వైరల్ అయింది. ఇప్పుడు ఆ అబ్బాయి కాలేజీకి రావడం లేదు. నేను రాయలేదు కదా, నాకేమైనా అవుతుందా? గ్రూప్ అడ్మిన్‌కి బాధ్యత లేదని కోర్టు చెప్పిందని మా సీనియర్ అంటున్నాడు.
*ఒక విద్యార్థి, బొబ్బిలి*

మీ సీనియర్ సగమే చెప్పాడు బాబూ. వాట్సాప్ గ్రూపులో సభ్యుడు ఏదో పెడితే, అడ్మిన్‌కి అందులో భాగం లేనప్పుడు, అడ్మిన్ అయినందుకే అతన్ని నేరస్తుణ్ణి చేయలేం అని బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పిన మాట నిజం. కానీ నువ్వు చేసింది అది కాదు. నీ దగ్గరికి వచ్చినవాటిలో నువ్వు చదివి, ఎంచి, నీ చేత్తో ప్రచురించావు. నువ్వు ఆపి ఉంటే అది ఒక ఫారమ్‌లోనే ఉండిపోయేది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థిని కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది, ఎంత పెద్ద విషయమో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడుగు, వాళ్లకి తెలుసు. కాలేజీలో అయితే పైన చెప్పిన ర్యాగింగ్ నిబంధనల్లో కులం, ఆర్థిక స్థితి రెండూ ఉన్నాయి.

నీకేమవుతుందో అన్నది నీ ఉత్తరంలో మొదటి ప్రశ్న. ఆ అబ్బాయికి ఏమవుతోందో నువ్వు ముందు అడగాల్సింది. బహుశా లోపల అడుగుతూనే ఉన్నావు, అందుకే ఉత్తరం రాశావు. చెయ్యాల్సింది ఇది: ఆ పోస్టు, కామెంట్లు, ఆ ఫారమ్‌లో వచ్చిన ఎంట్రీ కాపీ తీసి భద్రంగా పెట్టు, వాటిని మాయం చెయ్యకు, అది మరో నేరం అవుతుంది. ఆ తర్వాత పేజీలోంచి పోస్టు తీసెయ్. తీసేసి ఊరుకోకు, ఎంతమంది చూశారో అంతమందికీ కనిపించేలా అదే పేజీలో "ఇది పెట్టడం నా తప్పు" అని రాయి, ఆ అబ్బాయి పేరు మళ్లీ ఎత్తకుండా. మీ హెచ్ఓడీ దగ్గరికి నువ్వే వెళ్లి చెప్పు, పిలిచేదాకా ఆగకు. అతను ఒప్పుకుంటే, ఒప్పుకుంటేనే, ఎవరైనా పెద్దవాళ్లని తీసుకుని వాళ్లింటికి వెళ్లు. అతను కేసు పెడతానంటే ఆపమని బతిమాలకు, అది అతని హక్కు. పేజీ మూసెయ్. పేరు చెప్పనక్కర్లేని చోట నలుగురి గురించి రాయించే పేజీకి మంచి అడ్మిన్ అంటూ ఉండడు, నేను అలాగే నమ్ముతున్నాను.

మా కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉంది, బోర్డు ఉంది, నంబర్లున్నాయి. పిల్లలు మాత్రం రారు. అన్నీ అయిపోయాక, పిల్ల చదువు మానేశాక తెలుస్తోంది. ఇంకేం చెయ్యగలం?
*ఒక లెక్చరర్, విజయనగరం జిల్లా*

మేడమ్, మీరు పిల్లల్ని అడిగితే వాళ్లు చెప్పే కారణం ఒకటే ఉంటుంది. కంప్లయింట్ ఇస్తే ఇద్దర్నీ ఒకే గదిలోకి పిలిచి, "మీరంతా ఒక క్లాసు పిల్లలు, కలిసి ఉండాలి" అని చేతులు కలిపించి పంపేస్తారు. సాయంత్రానికి ఆ సంగతి కూడా గ్రూపులో మీమ్ అవుతుంది. ఆ రాజీ సంస్కృతి ఆపండి, ముందు ఇదొక్కటి ఆపండి. ఫిర్యాదు చేసినవాళ్లని, ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వాళ్లని విడివిడిగా వినాలి, వేరే రోజు వినాలి. నేరం అనిపించేదైతే తెలిసిన 24 గంటల్లో పోలీసులకి ఫిర్యాదు చెయ్యాల్సిన బాధ్యత కాలేజీ పెద్దదే అని యూజీసీ నిబంధనల్లో ఉంది, "కాలేజీ పేరు పాడవుతుంది" అని దాచితే ఆ తప్పు కాలేజీ పెద్ద మీదే పడుతుంది. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచి ఉంది. అమ్మాయి మీద లైంగికంగా వేధింపు అయితే అంతర్గత ఫిర్యాదుల కమిటీ వేరే ఉండాలి, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం మూడు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి, ఈ గడువు పిల్లలకి ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి.

బోర్డు మీద పది నంబర్లు అక్కర్లేదు. పిల్లలు భయపడని ఒక్క మేడమ్, ఒక్క సార్ పేరు చాలు, వాళ్లకి ఇంటర్నల్ మార్కులతో సంబంధం లేకపోతే ఇంకా మంచిది.

మా క్లాస్ గ్రూపులో ఒకమ్మాయి స్టిక్కర్ వస్తే నేనూ నవ్వే ఎమోజీ పెట్టాను. అందరూ పెట్టారు. ఇప్పుడు ఆమె కంప్లయింట్ ఇస్తుందంటున్నారు. నేనూ బాధ్యుణ్ణేనా?
*ఒక విద్యార్థి, విజయనగరం*

స్టిక్కర్ చేసినవాడితో సమానంగా కాదు. కానీ ఆ గ్రూపులో ఆ అమ్మాయికి ఆ రోజు కనిపించింది స్టిక్కర్ ఒక్కటే కాదు, దాని కింద మీ అందరి పేర్లూ. ఒక్కడు వెక్కిరిస్తే ఒక్కడే అనుకోవచ్చు, క్లాసంతా నవ్వితే ఇంక వెళ్లడానికి చోటు ఉండదు. స్టిక్కర్ చేసినవాడు కూడా చూసుకున్నది మీ నవ్వుల లెక్కే. అవి పడకపోతే ఇన్‌స్టా దాకా వెళ్లేది కాదు.

నీ దగ్గర ఒకటి ఉంది, ఆమె దగ్గర లేకపోవచ్చు. డిలీట్ చెయ్యకముందే సేవ్ అయి ఉంటే ఆ స్టిక్కర్, ఆ వీడియో నీ ఫోన్‌లో ఉండి ఉంటాయి, అందరికీ డిలీట్ చెయ్యకపోతే ఎవరు ముందు పెట్టారో ఆ మెసేజ్ కూడా ఉంటుంది. తీసెయ్యకు. స్క్రీన్‌షాట్లు తీసి ఆమెకి పంపు, "కమిటీ పిలిస్తే వచ్చి చెబుతాను" అని ఒక లైను రాసి పంపు. జవాబు రాకపోయినా పర్లేదు, కమిటీ పిలిచిన రోజు వెళ్లి చూసింది చెప్పు, నువ్వు పెట్టిన ఎమోజీతో సహా.